ఆ బ్యాండేనా ఇది?

రెండు సంచికల కిందట ఈ శీర్షికలో కోమస్ అనే బ్రిటిష్ ప్రోగ్రెసివ్ ఫోక్ (జానపద బాణీతో ప్రయోగాలు చేసే) బ్యాండ్ మొదటి ఆల్బమ్ 'ఫస్ట్ అటరెన్స్' గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు ఇవి. సగం మంది మంచి పాటలు చూపించావన్నారు, సగం మంది తిట్టారు, అయితే ఆ తిట్లు నాకు కాదు, ఆ బ్యాండ్ రెండో ఆల్బమ్‌కి. అందుకని ఈసారి చోటంతా దానికే ఇచ్చేస్తున్నాను. వేరే ప్రశ్నలు పంపినవాళ్ళు ఏమీ అనుకోవద్దు, మీ వంతు వస్తుంది.

ప్రశ్న: మీ మాట నమ్మి 'ఫస్ట్ అటరెన్స్' విన్నాను. మొదటిసారి సగంలో ఆపేశాను, భయమేసింది. మర్నాడు మళ్ళీ పెట్టుకున్నాను, ఇక నెల రోజులు అదే పని. ఆ ఊపులో రెండో ఆల్బమ్ 'టు కీప్ ఫ్రమ్ క్రయింగ్' మొదలుపెట్టాను. పది నిమిషాలకే నీరుగారిపోయాను. అదే గాయకుడు, అదే గాయని, బేస్ గిటారు వాయించేవాడూ పాతవాడే. మరి ఆ బ్యాండ్ ఎక్కడికి పోయింది? నేను వినడంలో లోపమా?

జవాబు: మీ చెవికి లోపమేమీ లేదు. నాకూ మొదటిసారి అంతే అయింది, వేరే ఎవరిదో రికార్డు పొరపాటున పెట్టుకున్నానేమో అని పేరు మళ్ళీ చూసుకున్నాను.

ముందు ఎవరున్నారో ఎవరు లేరో చూద్దాం. 1971లో మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు వాళ్ళు ఆరుగురు. రోజర్ వూటన్ పాట, గిటారు. బాబీ వాట్సన్ గాయని. ఆండీ హెల్లబీ బేస్. గ్లెన్ గోరింగ్ రెండో గిటారు. కోలిన్ పియర్సన్ వయొలిన్, వయోలా. రాబ్ యంగ్ ఫ్లూట్, ఒబో (సన్నాయి లాంటి వాయిద్యం), చేత్తో వాయించే డ్రమ్ములు. 1974లో రెండో ఆల్బమ్‌కి వచ్చేసరికి ఈ జాబితాలో మొదటి ముగ్గురే మిగిలారు. మీరు చెప్పిన ముగ్గురూ వాళ్ళే, పాట వినగానే గుర్తుపట్టేది కూడా వాళ్ళనే, అందుకే బ్యాండ్ అలాగే ఉంది కదా అనిపిస్తుంది. కానీ పోయిన ముగ్గురూ ఏం చేసేవాళ్ళో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వూటన్ మేకలా గొంతు వణికించి అరుస్తుంటే వయొలిన్ ఊరుకునేది కాదు, దాని మీదకి ఎగబడేది. వాట్సన్ పైస్థాయిలో ఒక సన్నటి గీత గీస్తే ఒబో వచ్చి దాన్ని అడ్డంగా కోసేది. మన కచేరీల్లో పక్కవాద్యం గాయకుడి వెనకే నడుస్తుంది, ఇక్కడ పక్కవాద్యం గాయకుడితో తగువుకి దిగింది. రెండో ఆల్బమ్‌లో పాడేవాళ్ళు ఉండిపోయారు, తగువు పెట్టుకునేవాళ్ళు వెళ్ళిపోయారు.

ఇంకో సంగతి, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. మొదటి ఆల్బమ్‌లో డ్రమ్ సెట్ లేదు. అక్కడ తాళం పట్టుకున్నవాడంటూ ఒకడు లేడు. గిటారు తీగల్ని గీకిపారేసే ఆ కుడిచెయ్యే తాళం, దానికి చేతి డ్రమ్ములు తోడు. అందుకే పాట ఊపిరి పీల్చినట్టు నడుస్తుంది, భయం పెరిగితే ఆరుగురూ ఒక్కసారే పరిగెడతారు, హఠాత్తుగా ఆగుతారు, మళ్ళీ ఎక్కడ మొదలవుతుందో మనకి తెలియదు, ఆ తెలియకపోవడమే సగం భయం. రెండో ఆల్బమ్‌లో డ్రమ్మర్ వచ్చాడు, కీబోర్డులు వచ్చాయి. డ్రమ్మర్ చెడ్డవాడు కాదు, చక్కగానే వాయించాడు, తేడా అంతా అక్కడే వచ్చింది. తాళం చక్కగా పడగానే పాట బుద్ధిమంతురాలైపోయింది. వూటన్ గొంతులోని ఆ పిచ్చి ఇప్పుడు నాలుగు దెబ్బల కొలతలో సర్దుకోవాలి, సర్దుకున్నాక అది పిచ్చిలా కాకుండా ఏదో వేషం కట్టినట్టు వినిపిస్తుంది.

పాటల కొలతా మారింది. మొదటిదాంట్లో 'ది హెరాల్డ్' పన్నెండు నిమిషాలు, 'డ్రిప్ డ్రిప్' దాదాపు పదకొండు, మొత్తం రికార్డు మీద ఏడే పాటలు. రెండోదాంట్లో చాలావరకు పొట్టి పాటలు. విషయాలు కూడా అంతే. బ్యాండ్ పేరు ఇంగ్లిష్ కవి మిల్టన్ నాటకంలోని మాయావి పాత్రది, అడవిలో దారితప్పిన అమ్మాయిని వలలో వేసుకోవాలని చూసేవాడు. మొదటి ఆల్బమ్ ఆ అడవిలోంచి బయటికి రాదు, వేట, హత్య, ఉరి, చివరి పాటలో పిచ్చాసుపత్రి. (కొన్ని చరణాలు ఇప్పటికీ నాకు మింగుడు పడవు, ఆ మాట దాచుకోను.) రెండోదానికి వచ్చేసరికి సినిమా తారలు, అలలు, గుహలు, విశ్వం పిల్లలు, సూపర్‌నోవా. అడవిలోంచి ఒకేసారి అంతరిక్షంలోకి వెళ్ళిపోయారు, మధ్యలో ఏం జరిగిందో మనకి చెప్పలేదు.

ప్రశ్న: ఇంత పెద్ద వివరణ ఎందుకండీ. పెద్ద కంపెనీ దొరికింది, డబ్బుకి అమ్ముడుపోయారు. అంతేగా?

జవాబు: అంతే అయితే నాకూ పని తగ్గేది. కానీ ఇక్కడ కథ తిరగబడి ఉంది.

మొదటి ఆల్బమ్ వేసింది 'పై' (Pye) అనే రికార్డు కంపెనీ వాళ్ళ డాన్ లేబుల్. 1971 జనవరి నుంచి మార్చి దాకా బ్రిటన్‌లో తపాలా సమ్మె నడిచింది, ఈ రికార్డు సరిగ్గా ఆ రోజుల్లో వచ్చి పడింది. సమ్మె లేకపోయినా ఇలాంటి రికార్డు కొనడానికి జనం క్యూ కట్టి ఉండేవాళ్ళని నేను అనుకోను. ఏమైతేనేం, అమ్ముడుపోలేదు, 1972లో బ్యాండ్ విడిపోయింది. తర్వాత వర్జిన్ లేబుల్ ఆసక్తి చూపిస్తే వూటన్ మళ్ళీ మనుషుల్ని కూడగట్టాడు.

ఇప్పుడు 1974 నాటి వర్జిన్ అంటే మనకి తర్వాత తెలిసిన పెద్ద వ్యాపారం కాదు. ముందు ఏడాదే మైక్ ఓల్డ్‌ఫీల్డ్ ఆల్బమ్ 'ట్యూబులర్ బెల్స్'తో మొదలైన లేబుల్. ఒక్కో వైపు ఒకే పాట, మాటలు దాదాపు లేవు, అయినా అది విపరీతంగా అమ్ముడుపోయింది. అదే వర్జిన్ జర్మనీ నుంచి ఫౌస్ట్ బ్యాండ్‌ని తెచ్చి, వాళ్ళ ముక్కలు ముక్కలుగా అతికించిన రికార్డుని సింగిల్ (ఒకటి రెండు పాటల చిన్న రికార్డు) ధరకి, అంటే 49 పెన్నీలకి అమ్మింది. హెన్రీ కౌ, గాంగ్ అనే బ్యాండ్లు కూడా అక్కడే. ఆ రోజుల్లో బ్రిటన్‌లో వింత సంగీతానికి ఇంతకన్నా మంచి ఇల్లు లేదు. అలాంటి ఇంట్లోకి అడుగుపెట్టాక కోమస్ పద్ధతిగా, తలదువ్వుకుని కూర్చుంది. నాకు కడుపు మండేది ఇక్కడే. అమ్ముడుపోయారంటే ఒక అర్థం ఉండేది, కొనేవాడు అడిగిన సరుకు ఇచ్చారని. ఇక్కడ కొనేవాడు మామూలు పాటలు కావాలని పట్టుబట్టే రకమే కాదు. మంచి పాప్ ఆల్బమ్ అయినా అయిందా అంటే అదీ కాలేదు.

ఇంకో మాట, కొత్తగా వచ్చి వాయించినవాళ్ళు తక్కువవాళ్ళేం కారు. గాంగ్ నుంచి శాక్సఫోన్ వాయించే దిదియే మలెర్బ్ వచ్చాడు. హెన్రీ కౌలో ఉన్న లిండ్సే కూపర్ బస్సూన్ అనే పొడవాటి ఊదే వాయిద్యం పట్టుకుని వచ్చింది, ఆవిడ అంతకుముందు రాబ్ యంగ్ వెళ్ళిపోయాక కోమస్‌లో కొన్నాళ్ళు పనిచేసిన మనిషే. ఇద్దరూ పాత సభ్యులకన్నా ఎక్కువ నేర్చుకున్నవాళ్ళని కూడా అనొచ్చు. కానీ చుట్టాల్లా వచ్చారు, తమకి చూపించిన కుర్చీలో కూర్చుని, ఇచ్చిన నాలుగు స్వరాలు అందంగా వాయించి వెళ్ళిపోయారు. చుట్టాలు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ గట్టిగా అరుచుకోరు కదా.

ప్రశ్న: పాత వాళ్ళు పోతే బ్యాండ్ పోయినట్టే అని మీరు తేల్చేశారు. ఒప్పుకోను. గాయని శాండీ డెన్నీ వెళ్ళిపోయాక ఇంగ్లిష్ ఫోక్ రాక్ బ్యాండ్ ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ 'ఫుల్ హౌస్' చెయ్యలేదా? అది చెత్త ఆల్బమా?

జవాబు: అయ్యో, నేను అలా తేల్చలేదండీ. మీరు ఆ పేరు తెచ్చారు కాబట్టి సంతోషం, నేను చెప్పాలనుకున్న విషయానికి అదే మంచి ఉదాహరణ.

1969 మేలో ఫెయిర్‌పోర్ట్ వ్యాను ఎం1 మోటార్‌వే మీద ప్రమాదానికి గురై డ్రమ్మర్ మార్టిన్ ల్యాంబుల్ చనిపోయాడు. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి. డేవ్ మ్యాటక్స్ డ్రమ్స్‌కి, డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలుకి వచ్చారు, అదే ఏడాది డిసెంబర్‌లో 'లీజ్ అండ్ లీఫ్' వచ్చింది, ఇంగ్లిష్ ఫోక్ రాక్ అంటే ఇప్పటికీ అందరూ ముందు చూపించేది దాన్నే. ఆ రికార్డు బయటికొచ్చే సరికే మళ్ళీ రెండు పెద్ద ఖాళీలు. శాండీ డెన్నీ వెళ్ళిపోయింది, బ్యాండ్ పెట్టిన ఆష్లీ హచింగ్స్ కూడా వెళ్ళిపోయాడు. ఆవిడకి సొంత పాటలు రాసుకోవాలని, ఆయనకి సంప్రదాయం పాటల్లోకి ఇంకా లోతుగా వెళ్ళాలని.

శాండీ డెన్నీ లాంటి గొంతు పోతే ఎవరైనా ఏం చేస్తారు? ఇంకో మంచి గాయనిని వెతుకుతారు. ఫెయిర్‌పోర్ట్ వెతకలేదు. బేస్‌కి డేవ్ పెగ్‌ని తీసుకున్నారు, గాయని చోటు ఖాళీగానే వదిలేశారు. 1970లో వచ్చిన 'ఫుల్ హౌస్'లో ఐదుగురూ మగవాళ్ళే, అప్పటికి వాళ్ళలో గాయకుడిగా పేరున్నవాడు ఒక్కడూ లేడు, స్వార్‌బ్రిక్, గిటారు వాయించే రిచర్డ్ థాంప్సన్ ఉన్న గొంతులతోనే పాడారు. ఎప్పుడూ మధ్యలో నిలబడే గొంతు లేకపోయేసరికి ఫిడేలు, గిటారు ముందుకొచ్చి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. 'స్లోత్' అనే తొమ్మిది నిమిషాల పాట వినండి, మధ్యలో ఆ రెండూ ఎంత నెమ్మదిగా, ఎంత ఓపికగా పోట్లాడుకుంటాయో. శాండీ ఉండగా ఆ పాట అలా వచ్చేది కాదు. ఆవిడ లేకపోవడం మంచిదైందని కాదు నేననేది, ఆవిడ చోట్లో గోడ కట్టకుండా కిటికీ పెట్టుకున్నారు.

స్టీలై స్పాన్ సంగతీ చూడండి, ఈ బ్యాండ్ ఫెయిర్‌పోర్ట్ వదిలొచ్చిన హచింగ్స్ పెట్టిందే. మొదటి ఆల్బమ్ చేసిన లైనప్ (సభ్యుల జట్టు) ఒక్క కచేరీ కూడా ఇవ్వకుండానే విడిపోయింది! తర్వాత హచింగ్స్, మార్టిన్ కార్తీ వెళ్ళిపోయి రిక్ కెంప్, బాబ్ జాన్సన్ వచ్చారు, పాట రాక్ వైపు మళ్ళింది, 1972 నాటి 'బిలో ది సాల్ట్'లో వాయిద్యమే లేకుండా లాటిన్‌లో పాడిన 'గౌదేతే' సింగిల్‌గా వచ్చి బ్రిటిష్ చార్టులో 14వ స్థానం దాకా ఎక్కింది. మనుషులు మారితే ఇలా కూడా జరుగుతుంది.

అందుకే నా లెక్క ఇది: ఎవరు పోయారన్నదాని కన్నా, పోయినవాళ్ళ చోటుని ఏం చేశారన్నది చూడాలి. కోమస్ వయొలిన్ పోయిన చోట్లో కీబోర్డు పరిచేసింది, చేతి డ్రమ్ముల చోట డ్రమ్ సెట్ పెట్టింది. ఖాళీ కనపడకూడదని అన్ని కంతలూ పూడ్చేశారు, గాలి ఆడలేదు.

ప్రశ్న: మీకు డ్రమ్స్ అంటే పడదని అర్థమైంది.

జవాబు: పడదని ఎవరన్నారు! ఇందాక చెప్పిన మ్యాటక్స్ వాయిస్తుంటే నేను వేరే పని చెయ్యలేను. ఆయన డ్రమ్స్ పాట మాటల్ని వింటాయి. ఎక్కడ వాయించకూడదో తెలిసిన మనిషి.

కాకపోతే అంతవరకు డ్రమ్స్ లేకుండా బతికిన బ్యాండ్‌లోకి డ్రమ్స్ రావడం చిన్న మార్పు కాదు. స్టీలై స్పాన్ కూడా మొదటి ఆల్బమ్‌కి బయటి డ్రమ్మర్లని పిలిపించుకుంది, ఆ తర్వాత కొన్నేళ్ళు డ్రమ్మర్ లేకుండానే నెట్టుకొచ్చింది. డ్రమ్మర్ నైజెల్ పెగ్రమ్ చేరాక 1974లో వచ్చిన ఆల్బమ్ పేరే 'నౌ వీ ఆర్ సిక్స్', ఇప్పుడు మేం ఆరుగురం అని, పైగా అది వాళ్ళ ఆరో ఆల్బమ్. కొన్ని పాటలు అదిరిపోతాయి, మధ్యలో చిన్నపిల్లల బృందంలా పాడిన వేళాకోళం పాటలు వస్తాయి, అవి నేను దాటేస్తాను, చివర్లో రాక్ గాయకుడు డేవిడ్ బోవీ వచ్చి శాక్సఫోన్ ఊదుతాడు. కొత్త ఇంట్లో ఇంకా సామాన్లు సర్దుకోనట్టుంటుంది. కానీ వాళ్ళకి అక్కడే ఉండే ఓపిక ఉంది, మరుసటి ఏడాదికి సర్దుకున్నారు, 'ఆల్ అరౌండ్ మై హ్యాట్' సింగిల్ 5వ స్థానానికి వెళ్ళింది. కోమస్‌కి ఆ రెండో అవకాశం రాలేదు, రెండో ఆల్బమ్ తర్వాత మళ్ళీ విడిపోయారు. అందుకని ఆ ఒక్క రికార్డు మీదే తిట్లన్నీ పడుతున్నాయి, కొంచెం అన్యాయమే.

ప్రశ్న: పోయినవాళ్ళని తిరిగి తీసుకొస్తే సరిపోతుందిగా? శాండీ డెన్నీ మళ్ళీ ఫెయిర్‌పోర్ట్‌లో చేరింది కదా.

జవాబు: చేరింది, 1974లో. ఆవిడ ఉన్న 'రైజింగ్ ఫర్ ది మూన్' 1975లో వచ్చింది. గొంతు అప్పటికీ గొంతే, రాసిన పాటల్లో రెండు మూడు నాకు చాలా ఇష్టం. కానీ ఆవిడ తిరిగొచ్చింది తను వదిలి వెళ్ళిన ఇంటికి కాదు. థాంప్సన్ లేడు, హచింగ్స్ లేడు, పాత గిటారిస్టు సైమన్ నికోల్ లేడు. 1969లో ఆవిడ సొంత పాటలంటుంటే అవతల హచింగ్స్ పాత జానపదాలంటూ లాగేవాడు, ఆ లాగులాటలోంచే 'లీజ్ అండ్ లీఫ్' పుట్టిందని నా నమ్మకం. 1975కి వచ్చేసరికి తాడు అవతలి కొస పట్టుకునేవాడు లేడు. దాదాపు ఆల్బమంతా సొంత పాటలే. రికార్డింగ్ మధ్యలో మ్యాటక్స్ కూడా వెళ్ళిపోయాడు, మిగతాది బ్రూస్ రోలాండ్ వాయించాడు. గ్లిన్ జాన్స్ నిర్మాత, శబ్దం అద్దంలా ఉంటుంది. అద్దంలా ఉండటమే నాకు కొంచెం ఇబ్బంది. ఆ లైనప్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

ప్రశ్న: ఆ రెండో ఆల్బమ్‌ని అసలు వినొద్దంటారా? మా ఇంట్లో అదే ముందు విన్నారు, వాళ్ళకి నచ్చింది!

జవాబు: మీ ఇంట్లోవాళ్ళు అదృష్టవంతులు, సరైన వరసలో విన్నారు. దాన్ని మొదటిదాని వెంటనే వింటేనే చిక్కు. పేరు తీసేసి, 1974లో ఎవరో కొత్తవాళ్ళు చేసిన రికార్డు అనుకుని పెట్టుకుంటే చాలా పాటలు బాగానే ఉంటాయి. 'ఫిగర్ ఇన్ యువర్ డ్రీమ్స్'లో వాట్సన్ గొంతు వినండి. చివర్లో వచ్చే 'టు కీప్ ఫ్రమ్ క్రయింగ్' అనే పాట నిజంగా మంచి పాట, ఆల్బమ్ మొత్తం మీద నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళేది దాని దగ్గరికే. మొదటి పాటతో మాత్రం మొదలుపెట్టకండి, నా మాట వినండి.

మొదటి ఆల్బమ్ తీసి పక్కన పెట్టి కనీసం నెల రోజులాగి విన్నాను నేను, ఈసారి కోపం రాలేదు. గొప్పగా అనిపించిందని కూడా చెప్పను.

ప్రశ్న: వీళ్ళు మళ్ళీ కలిశారని విన్నాను. ఎవరు కలిపారు, కలిశాక ఏమైనా చేశారా? ఈసారి కూడా మనల్ని ఏడిపిస్తారా?

జవాబు: కలిపింది ఒక రకంగా స్వీడన్ వాళ్ళు. ఓపెత్ అనే స్వీడిష్ మెటల్ బ్యాండ్ నాయకుడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్‌కి 'ఫస్ట్ అటరెన్స్' అంటే ప్రాణం. 1998లో వచ్చిన ఓపెత్ ఆల్బమ్ 'మై ఆర్మ్స్, యువర్ హర్స్' పేరు 'డ్రిప్ డ్రిప్' పాటలోంచి తీసుకున్నదే. అమ్ముడుపోని రికార్డు అలా పాతికేళ్ళకి పైగా చేతులు మారుతూ బతికింది, బ్యాండ్ 2008లో స్వీడన్‌లోనే మళ్ళీ వేదిక ఎక్కింది. ఈసారి పియర్సన్, గోరింగ్ ఇద్దరూ ఉన్నారు, పాత ఆరుగురిలో రాబ్ యంగ్ ఒక్కడే లేడు. వయొలిన్ మళ్ళీ గొంతుల మీదకి ఎగబడింది.

2012లో 'అవుట్ ఆఫ్ ది కోమా' అని ఒక రికార్డు చేశారు. కొత్త పాటలు మూడు, వయసు మీదపడిన గొంతులు, అయినా ఆ గీకుడూ ఆ పోట్లాటా తిరిగొచ్చాయి. నాకు మాత్రం ఆ మూడూ కాదు, వాటి తర్వాత వచ్చే ముక్క ముఖ్యం. 'ది మాల్‌గార్డ్ సూట్' అని, 1972లో కచేరీలో రికార్డయిన ఒక పొడవాటి పాట. అంటే మొదటి ఆల్బమ్ అయిపోయాక, బ్యాండ్ విడిపోకముందు, వాళ్ళు నిజంగా ఎటు వెళ్తున్నారో చెప్పే పాట. శబ్దం ఏమంత బాగుండదు, గరగరలాడుతుంది, కొన్ని చోట్ల వాయిద్యాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. డ్రమ్ సెట్ పూడ్చని ఖాళీలు మాత్రం అలాగే ఉన్నాయి. మొదటి ఉత్తరం రాసినవారికి నా సలహా ఒక్కటే, 'ఫస్ట్ అటరెన్స్' అయిపోగానే 1974లోకి వెళ్ళకండి, నేరుగా ఈ పాటకి వచ్చేయండి. వాళ్ళ రెండో ఆల్బమ్ ఇదే, కాకపోతే మన చేతికి రావడానికి నలభై ఏళ్ళు పట్టింది.